వెయ్యి వాయిద్యాలు, ఎనిమిదింతల చప్పుడు

పామర్రు సెంటర్ నుంచి చల్లపల్లి దారిలో కొద్ది దూరం పోతే కూచిపూడి. ఆ ఊరి భాగవత మేళంలో వాయిద్యాలు లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్ళు చాలు. సూత్రధారుడి చేతిలో తాళాలు, ఒక మృదంగం, శ్రుతికి పాతకాలంలో తిత్తి, ఆ తరవాత హార్మోనియం, పక్కన ఫిడేలు, కుదిరితే వేణువు. మైకులు లేని రోజుల్లో ఈ కొద్దిపాటి సరంజామాతోనే భామాకలాపం, గొల్లకలాపం పందిళ్ళ కింద రాత్రంతా ఆడారు. వాళ్ళ మాట, పాట, అడుగు చివర కూచున్నవాళ్ళకీ చేరేవి. దీని పక్కన మరో మేళాన్ని పెట్టి చూద్దాం. 1910 సెప్టెంబరు 12న జర్మనీలోని మ్యూనిక్ నగరంలో గుస్తావ్ మాలర్ తన ఎనిమిదో సింఫనీని మొదటిసారి వినిపించాడు. వేదిక మీద 858 మంది గాయకులు, 171 మంది వాద్యకారులు. నడిపించిన మాలర్‌తో కలిపి 1,030 మంది. ఆ రచనకి వెయ్యిమంది సింఫనీ అన్న పేరు అలాగే నిలిచిపోయింది. పదిమంది లేని మేళానికీ వెయ్యి దాటిన మేళానికీ మనుషుల లెక్కలో తేడా వందింతల పైమాట. వినికిడిలో తేడా ఎంత? ఈ అధ్యాయం ఆ ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. పాశ్చాత్యుల పెద్ద సింఫనీల్లోకి ఫిరంగులు, కొయ్య సుత్తులు, గాలి యంత్రాలు ఎందుకు వచ్చి చేరాయో కూడా దాంతోనే తేలుతుంది. వాటిని ఆర్భాటమని తీసిపారేసేవాళ్ళు చాలామందే ఉన్నారు. నేను వాళ్ళతో ఏకీభవించను. మనిషి చెవి ఉన్న తీరే వాటిని రప్పించింది.

ముందు చప్పుడుకి చప్పుడు ఎలా కూడుతుందో చూడాలి. రెండు ఫిడేళ్ళు ఒకే స్వరం పలికినా వాటి కంపనాలు అడుగులో అడుగు వేసి నడవవు. ఒకదాని అల ఎగిసే క్షణాన రెండోదాని అల దిగుతూ ఉండొచ్చు. అందువల్ల రెండు వాయిద్యాల శక్తి కలిపితే రెట్టింపు అవుతుందే తప్ప అంతకు మించదు. శక్తి రెట్టింపైతే, చప్పుడుని కొలిచే డెసిబెళ్ళ లెక్కలో 3 పెరిగినట్టు. పదింతలైతే 10, వందింతలైతే 20, వెయ్యింతలైతే 30. ఇక్కడితో అయిపోతే బాగుండేది. కాని చెవి ఈ శక్తిని ఉన్నదున్నట్టు కొలవదు. మామూలు స్థాయి ధ్వనుల్లో 10 డెసిబెళ్ళు పెరిగితేనే మనకి చప్పుడు రెండింతలైందని తోస్తుంది. అంటే ఒక ఫిడేలు స్థానంలో పది పెడితే చెవికి రెండింతలు, వంద పెడితే నాలుగింతలు, వెయ్యి పెడితే ఎనిమిదింతలు. ఇంకో రకంగా చూసినా ఇదే తేలుతుంది. ఒక డెసిబెల్ కన్నా తక్కువ తేడాని మనం అంతగా పోల్చుకోలేం. వంద ఫిడేళ్ళు మోగుతున్నచోట ఆ ఒక్క డెసిబెల్ పెరగాలంటే ఇంకా 26 ఫిడేళ్ళు కావాలి. ఇరవై ఆరుగురికి జీతాలు, కుర్చీలు, రైలు టిక్కెట్లు. వినేవాడికి మాత్రం ఏదో కాస్త పెరిగిందా అన్న అనుమానం.

చెవికి ఈ పొదుపు అవసరమే. ఆకు కదిలిన సవ్వడికీ పక్కన పడ్డ పిడుగుకీ మధ్య శక్తిలో ఉండే తేడా కోట్ల రెట్లు. ఆ రెండింటినీ ఒకే అవయవం వినాలంటే పెద్ద చప్పుళ్ళని కుదించుకోక తప్పదు. సంగీతకారుడికి మాత్రం ఈ ఏర్పాటు పెద్ద చిక్కు తెచ్చిపెట్టింది. దానికి దూరం కూడా తోడైంది. ఆరుబయట వాయిద్యానికీ వినేవాడికీ మధ్య దూరం రెట్టింపైతే 6 డెసిబెళ్ళు పోతాయి, పదింతలైతే 20 పోతాయి. పందిట్లో 5 మీటర్ల దగ్గర కూచున్నవాడికి వినిపించినంత గట్టిగా 50 మీటర్ల దూరంలో రావిచెట్టు కింద నిలబడ్డవాడికీ వినిపించాలంటే మేళాన్ని వందింతలు చెయ్యాలి. పదిమందితో తిరిగే ఊరి మేళానికి అది అసాధ్యం. మాలర్ దగ్గర కూడా గొంతులు 858 ఉన్నాయి గాని వాయిద్యాలు 171 దగ్గర ఆగిపోయాయి.

మరి సూత్రధారుడి తాళం రావిచెట్టు దాకా ఎలా పోయింది? ఆ తాళం అరచేతిలో ఇమిడిపోయే కంచు బిళ్ళ. దాని వెనక రెండు మూడు వందల ఏళ్ళ అనుభవం ఉంది. చెవి అన్ని స్వరస్థాయిలనీ సమంగా వినదు. చెవి రంధ్రం నుంచి కర్ణభేరి దాకా రెండున్నర సెంటీమీటర్ల గొట్టం ఉంది, ఒక చివర మూసుకుపోయిన పిల్లనగ్రోవి లాంటిది. ఆ పొడవు గొట్టం 3,000 హెర్ట్జ్ (సెకనుకి అన్ని కంపనాలు) చుట్టుపక్కల తనంతట తానే ప్రతిధ్వనిస్తుంది. 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్య వచ్చే ధ్వని ఎంత బలహీనంగా ఉన్నా మనకి పదునుగా తగులుతుంది. తాళాలు ఒకదానికొకటి తగిలినప్పుడు పుట్టే ధ్వనిలో ఎక్కువ భాగం సరిగ్గా వేల హెర్ట్జ్‌ల మేరలోనే ఉంటుంది. పైగా ఆ మేరలో మేళంలో మరెవరూ లేరు. మృదంగం కింద ఉంది, గొంతు, ఫిడేలు మధ్యలో ఉన్నాయి, శ్రుతి పెట్టె వాటితోపాటే ఉంది. ఒకే మేరలో ఉన్న రెండు ధ్వనుల్లో పెద్దది చిన్నదాన్ని కప్పేస్తుంది. ఖాళీగా ఉన్న మేరలో చిన్న ధ్వనికి కూడా అడ్డు లేదు. అందుకే తాళం గట్టిగా కొట్టకపోయినా వినబడుతుంది.

తెలుగులో గట్టి గొంతుని కంచుకంఠం అంటాం. ఎవరు మొదట అన్నారో గాని అది మంచి శాస్త్రీయ పరిశీలన. స్వీడన్ శాస్త్రజ్ఞుడు యోహాన్ సుండ్‌బెర్గ్ 1970లలో ఒపేరా గాయకుల గొంతులు కొలిచి చూపించిన విషయం ఇదే. వాళ్ళు ఆర్కెస్ట్రా కన్నా గట్టిగా పాడరు, పాడలేరు. గొంతులోపలి ఆకారాన్ని సవరించుకుని 3,000 హెర్ట్జ్ దగ్గర శక్తిని పోగుచేస్తారు. ఆర్కెస్ట్రా శక్తిలో అధిక భాగం 500 హెర్ట్జ్ దగ్గరే ఉండి పైకి పోయేకొద్దీ తగ్గిపోతుంది గనక, 3,000 దగ్గర ఒక్క గొంతు వందమందిని దాటుకుని వస్తుంది. మన పద్యనాటకాల రంగస్థలంలో ఈలపాట రఘురామయ్య ఈలతో పద్యాన్ని పలికించిన పద్ధతి మరీ తెలివైంది. ఈలలో శక్తి అంతా వెయ్యి నుంచి మూడు వేల హెర్ట్జ్‌ల మధ్య ఒక్క గీత మీదే నిలుస్తుంది. మామూలు గొంతులా పదిచోట్ల పంచుకోదు.

పై మేర సంగతి అది. కింది మేరలో సమస్య తిరగబడుతుంది. లోతైన స్వరం పుట్టించాలంటే వాయిద్యం పెద్దదై ఉండాలి. 100 హెర్ట్జ్ ధ్వని ఒక్క అల పొడవు మూడున్నర మీటర్లు. చర్చిలో ఆర్గన్ 16 హెర్ట్జ్ పలకాలంటే 32 అడుగుల గొట్టం కావాలి. 1850 ప్రాంతంలో పారిస్‌లో వియోమ్ అనే వాయిద్యాల తయారీదారు ఆక్టోబాస్ అనే ఫిడేలు చేశాడు. ఎత్తు మూడున్నర మీటర్లు, తీగలు మూడే. చెయ్యి అందదు గనక మీటలు, తొక్కుళ్ళతో తీగల్ని నొక్కాలి. అంత చేసినా ఆ వాయిద్యం వాడుకలోకి రాలేదు, ఎక్కడికైనా తీసుకుపోవడమే కష్టం. మూట కట్టుకుని ఊరూరా తిరిగే భాగవతులకి అలాంటి దారి లేదు. వాళ్ళ మృదంగం ఆ పనిని బరువుతో సాధించింది. పనస కర్రలో తొలిచిన ఆ వాయిద్యం పొడవు రెండడుగులు. వాయించే ముందు రవ్వని తడిపి, పిసికి, ముద్ద చేసి ఎడమ మూత నడుమ అంటిస్తారు. కచేరీ అయ్యాక గీకేస్తారు. ముద్ద బరువుకి చర్మం నెమ్మదిగా ఊగుతుంది, నెమ్మదిగా ఊగితే స్వరం దిగుతుంది. సైజు పెంచకుండా లోతు తెచ్చే ఉపాయం అది.

కుడి మూత మీది నల్లటి మచ్చ ఇంకా గొప్పది. మామూలు చర్మపు మూత మీద కొడితే పుట్టే స్వరాలు ఒకదానితో ఒకటి పొసగవు. మొదటిది 1 అయితే తరవాతివి 1.59, 2.14, 2.30 ఇలా ఉంటాయి. అందుకే డప్పు మోగుతుంది గాని పాడదు. ఇనుప చిట్టాన్ని అన్నంతో నూరి, పొరలు పొరలుగా రుద్ది ఆరబెట్టిన ఆ మచ్చ వల్ల ఈ స్వరాలు 1, 2, 3, 4, 5 అనే వరసకి వస్తాయని సి.వి. రామన్, శివకాళీ కుమార్ 1920లో నేచర్ పత్రికలో చూపించారు. రామన్ 1934లో మళ్ళీ ఆ విషయం మీద వివరంగా రాశాడు. ఈ వరస కుదిరితే చెవి ఒక చిత్రం చేస్తుంది. 2, 3, 4 వినబడితే చాలు, 1 బలహీనంగా ఉన్నా, అసలు చేరకపోయినా, దాన్ని తనే పూరించుకుని వింటుంది. దూరాన ఉన్నవాడికి మృదంగం లోతు ఇలా చేరుతుంది. శ్రుతికి పలికే మద్దెల చిన్నదైనా పెద్దగా వినిపించడానికి సగం కారణం వినేవాడి తలలోనే ఉంది.

ఇప్పుడు యూరపు పెద్ద మేళాల్ని చూస్తే అవి కూడా ఇదే దారికి వచ్చాయని తెలుస్తుంది, ఖర్చు మాత్రం చాలా ఎక్కువ. 1931లో అమెరికాలో బెల్ ప్రయోగశాలల వాళ్ళు 75 మంది ఆర్కెస్ట్రాని కొలిస్తే, అందరూ కలిసి అత్యంత గట్టిగా వాయించిన క్షణంలో కూడా బయటికి వచ్చిన ధ్వనిశక్తి సుమారు 70 వాట్లే. పాత ఇళ్ళల్లో వేలాడే ఒక బల్బు అంత. దానిలో మూడో వంతు, అంటే 25 వాట్లు, ఒక్క పెద్ద డోలు ఒంటరిగా ఇవ్వగలదు. డెబ్బై అయిదు మందిలో ఒక్కడు మిగతా అందరిలో సగం మందికి సాటి వచ్చే స్థితి ఇది. మరో వంద ఫిడేళ్ళు తెచ్చేకంటే ఎవరూ లేని మేరలో కొట్టే ఒక్క కొత్త వాయిద్యం తేవడం మేలని ఏ రచయితకైనా తోచాలి. ఫ్రెంచి స్వరకర్త బెర్లియోజ్‌కి తోచింది. 1837 డిసెంబరులో పారిస్‌లోని ఇన్వాలిద్ చర్చిలో మోగిన అతని మృతుల ప్రార్థనలో నాలుగు మూలల్లో నాలుగు ఇత్తడి బాకాల జట్లు, నడుమ 16 నగారాలు ఉన్నాయి. ఆ నగారాలు వేరువేరు శ్రుతుల్లో కట్టినవి. అన్నీ కలిపి స్వరసమూహాలే పలికాయి, ఉత్త మోత కాదు. బాకాల్ని నాలుగు మూలలకి పంచడం కూడా చెవిని ఎరిగి చేసిన పని. ఒకే దిక్కు నుంచి వచ్చేవి ఒకదాన్నొకటి కప్పేస్తాయి, వేరు దిక్కుల నుంచి వచ్చేవాటిని రెండు చెవులు విడదీసి వింటాయి.

మాలర్ ఆరో సింఫనీలో సుత్తి దెబ్బ ఇంకా మంచి రుజువు. 1906లో ఎస్సెన్ నగరంలో మొదటిసారి వినిపించిన ఆ రచన చివరి భాగంలో పెద్ద కొయ్య సుత్తితో దెబ్బ పడాలి. దెబ్బ బలంగా ఉండాలి, పొట్టిగా ఉండాలి, లోహపు ఖణఖణ ఉండకూడదు, గొడ్డలి వేటులా మొద్దుగా ఉండాలని మాలర్ రాసుకున్నాడు. ఎందుకంటే ఆ క్షణానికి పై మేరలన్నీ బాకాలతో, తాళాలతో నిండిపోయి ఉంటాయి. అక్కడ ఇంకేది పెట్టినా మునిగిపోతుంది. కింద, చెవికన్నా ఒంటికి ముందు తగిలే చోట మాత్రం ఖాళీ ఉంది. ఆర్కెస్ట్రాలు నేటికీ పెద్ద చెక్కపెట్టెలు కట్టించి వాటి మీద సుత్తి వేయిస్తున్నాయి. చైకోవ్‌స్కీ 1812 ఓవర్చర్‌లో ఫిరంగులు కూడా కిందనే పేలతాయి. 1915లో బెర్లిన్‌లో మోగిన రిచర్డ్ స్ట్రాస్ ఆల్ప్స్ సింఫనీలో గుడ్డ మీద రాసుకుంటూ తిరిగే గాలి యంత్రం, ఊపితే ఉరిమే రేకు ఉన్నాయి. ఇవి స్వరాల మేర అంతటా పరుచుకుని, ఏ స్వరానికీ చెందని చోట్లు నింపుతాయి. రంగస్థలం మీద రేకు ఊపి ఉరుము పుట్టించడం నాటకాల వాళ్ళకి ఎప్పటినుంచో తెలిసిన పనే. స్ట్రాస్ దానికి ఆర్కెస్ట్రాలో కుర్చీ వేశాడు.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. కూచిపూడి మేళం చిన్నదవడానికి కారణం ధ్వనిశాస్త్రం కాదు, పేదరికం, కాలినడక, ఎడ్లబండి. నువ్వు లేని తెలివిని వెనక్కి తీసుకుపోయి అంటగడుతున్నావు అని ఎవరైనా అనొచ్చు. సగం నిజమే. మేళం పరిమాణాన్ని నిర్ణయించింది జీవనమే. కాని పదిమందికే చోటున్నప్పుడు ఏ పదిమంది మిగిలారన్నది వేరే ప్రశ్న. నాలుగు మృదంగాలు పెట్టుకోలేదు, రెండు తాళాల జతలూ ఉండవు. పైన తాళం, కింద మృదంగం తమ తమ మేరల్లో ఒంటరిగా ఉంటాయి. తరతరాల రాత్రుల్లో, వెనక వరస జనం లేచిపోయిన చోట ఏదో మారింది, కూచున్న చోట ఏదో నిలిచింది. ఎవరూ సూత్రం రాసుకోకపోయినా ఎంపిక జరిగింది. ఇంకో అభ్యంతరం రాత్రి గురించి. ఆ రోజుల్లో చుట్టూ మోటార్లు లేవు, ఫ్యాన్లు లేవు. నిశ్శబ్దమే సగం పని చేసింది అంటే దాన్ని పూర్తిగా ఒప్పుకుంటాను. పైగా డెల్టా రాత్రి మరో మేలు చేస్తుంది. పొద్దుగూకాక నీళ్ళు పెట్టిన వరిమడి మీద నేలనంటిన గాలి చల్లబడుతుంది, పైగాలి వెచ్చగా ఉండిపోతుంది. వెచ్చని గాలిలో ధ్వని వేగం ఎక్కువ గనక పైకి పోయే అలలు వంగి మళ్ళీ నేలకి దిగుతాయి. గుడి గంట పగలు కన్నా తెల్లవారుజామున పక్క ఊరికి వినబడేది ఇందుకే. తెల్లవార్లూ ఆడే ఆటకి ఇంతకన్నా మంచి మేడ ఎవరు కట్టివ్వగలరు?

అలాగైతే వెయ్యిమంది వృథాయేనా? కానే కాదు. ఇక్కడ నా వాదానికి హద్దు ఉంది. అరవై ఫిడేళ్ళు ఒక్క ఫిడేలు కన్నా గట్టిగా ఉండటం కోసం లేవు. ఏ రెండూ సరిగ్గా ఒకే శ్రుతిలో, ఒకే క్షణాన పలకవు గనక వాటి కలయికకి ఒక మెత్తదనం, వెడల్పు వస్తాయి. ఒక్క ఫిడేలుని ఎంత పెంచి వినిపించినా అది రాదు. గాయకులు వందలమంది ఉంటే ఒకరు ఊపిరి తీసుకునే వేళ మరొకరు పాడుతుంటారు, ధార తెగదు. అన్నిటికన్నా అందమైనది మరొకటి. ఎనిమిది వందల గొంతులు గుసగుసగా పాడగలవు. ఎనిమిదో సింఫనీ చివరి బృందగానం అలా దాదాపు ఊపిరిలా మొదలవుతుంది. అంత పెద్ద సంఖ్యని అంత సన్నని చప్పుడు కోసం వాడటం నాకు మాలర్ సాధించినవాటిలో కెల్లా గొప్పగా తోస్తుంది.

సంఖ్య పెరిగేకొద్దీ బయటపడే అసలు శత్రువు కాలం. వెచ్చని రాత్రి గాలిలో ధ్వని సెకనుకి 350 మీటర్లు పోతుంది. ఒక తాళం దెబ్బకీ మరో దెబ్బకీ మధ్య 0.6 సెకను ఉందనుకుందాం. దానిలో తకధిమి అని నాలుగు అక్షరాలు పడితే ఒక్కొక్కటి 0.15 సెకను. అంతలో ధ్వని 52 మీటర్లు పోతుంది. అంటే 52 మీటర్ల దూరంలో ఉన్న నర్తకికి సూత్రధారుడి త వినబడేసరికి అతను క దగ్గర ఉంటాడు. వంద మీటర్లు దాటితే ధి దగ్గర ఉంటాడు. చెవిని నమ్ముకుని అడుగు వేస్తే ఆమె తాళం తప్పుతుంది, తప్పు ఆమెది కాదు. బెర్లియోజ్ ఈ చిక్కుని నేరుగా ఎదుర్కొన్నాడు. 1855లో, బెజవాడ దగ్గర కృష్ణమీద మొదటి ఆనకట్ట పూర్తయిన ఏడాది, పారిస్ ప్రదర్శన భవనంలో 1,200 మందికి పైగా ఉన్న మేళాన్ని నడిపించాల్సి వచ్చింది. బ్రస్సెల్స్ నుంచి తెప్పించిన విద్యుత్ పరికరంతో తన ఎడమచేతి వేలు నొక్కగానే దూరాన ఉన్న ఉపనాయకుల ముందు కర్ర కొట్టుకునే ఏర్పాటు చేశాడు. తీగలో విద్యుత్తు గాలిలో ధ్వనిలా నెమ్మదిగా నడవదు. 1872లో అమెరికాలోని బోస్టన్‌లో 20,000 గొంతుల మేళాన్ని నడపడానికి జోహన్ స్ట్రాస్‌కి వందమంది సహాయకులు అవసరమయ్యారు, మొదలుపెట్టమని చెప్పడానికి ఫిరంగి పేల్చారు.

ఇది దూరదేశపు సమస్యగా మిగల్లేదు. సిలికానాంధ్ర సంస్థ 2009లో సికిందరాబాదు పరేడ్ మైదానంలో అన్నమాచార్య సంకీర్తనల్ని లక్షకు పైగా గొంతులతో పాడించింది. 2010 డిసెంబరులో హైదరాబాదులో 2,850 మంది కూచిపూడి నర్తకుల మహాబృందనాట్యం, 2016 డిసెంబరులో విజయవాడ ఇందిరాగాంధీ స్టేడియంలో 6,117 మందితో మరొకటి గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కాయి. వీటిని చూసి సంఖ్య గెలిచిందనొచ్చు. చూపుకి గెలిచింది, సందేహం లేదు. కాంతికి ఆలస్యం లేదు గనక ఆరు వేల అడుగులు కంటికి ఒక్క అడుగులా పడతాయి. చెవికి అలా కాదు. అంచున కూచున్నవాడికి దగ్గర వరస గజ్జెలు ముందు, వందమీటర్ల వెనక వరస గజ్జెలు సెకనులో దాదాపు మూడో వంతు ఆలస్యంగా చేరతాయి. వేల జతల గజ్జెలు కలిసి తాళం కావు, పెంకుటింటి మీద వాన అవుతాయి. అంత పెద్ద మైదానంలో తాళం నిలవాలంటే అది గాలిలో కాక తీగలోనే ప్రయాణం చెయ్యాలి. ప్రతి గుంపు దగ్గరా ఒక స్పీకరు ఉండి, దగ్గరి స్పీకరు దూరపు స్పీకరుని కప్పేసేంత గట్టిగా మోగాలి.

ప్రేక్షకుల వైపు స్పీకర్లకి ఇంకో మెలిక ఉంది. వేదిక దగ్గరి స్పీకరు, దానికి 70 మీటర్ల వెనక నిలబెట్టిన స్పీకరు ఒకేసారి మోగితే, వెనక కూచున్నవాడికి పక్కనున్న స్పీకరు నుంచి ఒక తాళం, సెకనులో అయిదో వంతు తరవాత ముందు స్పీకరు నుంచి మరో తాళం వినబడతాయి. రెండు ధ్వనుల మధ్య ఎడం సెకనులో ఇరవయ్యో వంతు దాటితే చెవి వాటిని విడిగా వింటుంది, మాట ముద్దగా మారుతుంది. జాతరల్లో స్తంభానికొకటి కట్టిన మైకుల్లో పద్యం అర్థం కాకపోవడానికి కారణం ఇదే, గాయకుడు కాదు. అందుకే తెలిసిన సౌండు ఇంజనీరు వెనక స్పీకరుని కావాలనే కాస్త ఆలస్యంగా మోగిస్తాడు. సూత్రధారుడు కంచు తాళం కొట్టగానే ఆ దెబ్బ తీగలో క్షణంలో వెనకదాకా పోయి, అక్కడ పెట్టెలో సెకనులో అయిదో వంతు నిలబడి ఉంటుంది. మైదానం మీదుగా గాలిలో నడిచి వస్తున్న అదే దెబ్బ పక్కకి వచ్చి చేరాక, రెండూ కలిసి మోగుతాయి.